సెట్టులో గొంతు ఎవరిదో తేలకముందే పాతబస్తీకి సంకెళ్లా?

పోలీసు వైర్‌లెస్ సెట్టులో పోలీసుది కాని గొంతు ఒకటి వినబడిందనుకోండి. పాట కావచ్చు, బూతు కావచ్చు, ఫలానా గల్లీలో రాళ్లు పడుతున్నాయన్న పుకారు కావచ్చు. కంట్రోల్ రూములో కూర్చున్న అధికారి చూపు ముందుగా ఎటు పోతుంది? మూసీకి దక్షిణం ఒడ్డుకు. టీవీ స్టూడియోలో కోటు వేసుకొని కూర్చున్న పెద్దమనిషి చూపూ అటే. తలాబ్‌కట్ట, యాకుత్‌పురా, షాలిబండ, హుస్సేనీ ఆలం. ఈ పేర్లు పలికితే చాలు, నేరం రుజువైపోయినట్టే. మా పంచాయితీ ఈ చూపుతోనే.

దొంగ గొంతును మేము వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. బాలాపూర్ గణేశుడు చార్మినార్ ముందు నుంచి హుస్సేన్‌సాగర్‌కు కదిలే రోజున, మొహర్రం పదో రోజు బీబీకా అలం డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్‌కు సాగే రోజున, అంత జనం మధ్య పోలీసుకు దిక్కు ఆ సెట్టే. అందులో ఒక్క అబద్ధం చొరబడితే లాఠీ ముందు లేస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. 1990 డిసెంబరు అల్లర్లలో ఈ నగరం వందకు పైగా ప్రాణాలు పోగొట్టుకుంది. ఆ రోజుల్లో పుకారు కత్తికంటే ముందు నడిచింది. ఆ కర్ఫ్యూలు చూసిన ఇండ్లకు దొంగ మాట ఎంత చెడ్డదో కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే అడుగుతున్నాం: ఇంత ప్రాణాంతకమైన తలుపుకు తాళం వేయాల్సింది ఎవరు? వేయనిది ఎవరు?

సెట్టు సంగతి కొంత తెలియకుండా తప్పెవరిదో తేల్చలేం. మన దేశంలో పోలీసులు దశాబ్దాల పాటు వాడిన వైర్‌లెస్ చాలావరకు అనలాగ్ వీహెచ్ఎఫ్. ఇంట్లో రేడియో స్టేషన్ తిప్పుకున్నంత సులువు. ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుకున్నవాడు వింటాడు, బటన్ నొక్కినవాడు మాట్లాడతాడు. మాట్లాడింది ఠాణా మనిషా బయటి మనిషా అని అడిగే ఏర్పాటు దాంట్లో లేదు. కాల్‌సైన్ చెప్పాలన్న నియమం ఉంది కానీ, నాలుగు రోజులు విన్నవాడు ఎవడైనా ఆ కాల్‌సైన్ చెప్పగలడు. రెండు గొంతులు ఒకేసారి వస్తే ఎఫ్ఎం పద్ధతిలో బలమైనదే వినపడుతుంది, బలహీనమైనది అణిగిపోతుంది. అంటే పక్క గల్లీలో నిలబడి ఐదు వాట్ల చైనా సెట్టు నొక్కినవాడు, దూరాన బందోబస్తులో ఉన్న ఎస్సై గొంతును నొక్కేయగలడు. రిపీటర్‌కు చెవికి ఆనని సన్నటి టోన్ ఒకటి కలిపి పెడతారు. అది గొళ్లెమే తప్ప తాళం కాదు. కాసేపు వింటే ఆ టోన్ ఏదో చెప్పేసే సెట్లు అంగట్లో దొరుకుతాయి.

అందుకే ఆ గాలిలోకి వచ్చే ప్రతి పరాయి గొంతూ కుట్రే కానక్కర్లేదు. ఫంక్షన్ హాలు కాపలా మనిషి చేతిలో ఒక సెట్టు ఉంటుంది. కట్టుబడి పని దగ్గర క్రేన్ నడిపేవాడి చేతిలో ఒకటి ఉంటుంది. చవక సెట్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని ఛానళ్లు నింపుకొని వస్తాయి. ఆ ఛానల్ ఈ దేశంలో ఎవరికి కేటాయించారో కొన్న మేస్త్రీకి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. ఇంకోటి ఉంది. కానిస్టేబుల్ నడుముకు కట్టుకున్న సెట్టు బటన్ సీటుకు ఒత్తుకుపోతే, జీపులో పాట, డ్రైవర్ ముచ్చట, అన్నీ ఛానల్ మీదికి వస్తాయి. వైర్‌లెస్ విభాగంలో పనిచేసిన ఎవరిని అడిగినా ఈ మాట నవ్వుతూ చెబుతారు. వాతావరణం కుదిరిన రాత్రి వందల కిలోమీటర్ల అవతలి వీహెచ్ఎఫ్ గొంతు కూడా ఇక్కడ దిగుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఏ బస్తీలో సోదా చేస్తారు?

ఇక చట్టం. 1933లో తెల్లదొర చేసిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక అనుమతి లేని నెట్‌వర్క్ నెలకొల్పితే జరిమానా 2 కోట్ల దాకా పోయింది. లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2018 నిబంధనల్లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా, తక్కువ శక్తి సెట్లకు, ఒక సన్నని సందు వదిలారు. ఆ సందు దాటిన సెట్టు ఏదైనా లైసెన్సు కిందికే వస్తుంది. కాగితం మీద అంతా కట్టుదిట్టం.

మరి అంగట్లో? ఏళ్ల తరబడి ఆ సెట్లు ఆన్‌లైన్‌లో పిల్లల బొమ్మల పక్కన, టార్చిలైట్ల పక్కన అమ్ముడుపోయాయి. ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో రాయరు, లైసెన్సు కావాలని చెప్పరు. పహల్గాం దాడి జరిగాక, 2025 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మేల్కొని 13 అమ్మకం వేదికలకు నోటీసులిచ్చింది. 2026 జనవరిలో ఎనిమిది సంస్థలకు కలిపి 44 లక్షల జరిమానా వేసింది. అందులో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో, మెటాలకు తలా 10 లక్షలు. వేల కోట్ల వ్యాపారం చేసే కంపెనీకి 10 లక్షలంటే ఒక పూట చాయ్ ఖర్చు. అదే సెట్టు కొన్న పిలగానికి మూడేళ్ల జైలు భయం. అమ్మినోడికి రసీదు, కొన్నోడికి సంకెళ్లు! ఇదెక్కడి న్యాయమని మేము అడిగితే దేశభద్రత అంటారు. భద్రతే అయితే, విదేశీ సరుకు రేవులో దిగినప్పుడు కస్టమ్స్ ఏం చేసింది? ఢిల్లీలో కూర్చొని ఫ్రీక్వెన్సీలు పంచే వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఏం చేసింది? 1952 నుంచి ఉన్న విభాగమది, నిన్న పుట్టింది కాదు.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వద్దాం. సాంకేతిక ఆధారం చేతికి రాకముందే మనిషిని తేల్చేయడం ఈ బస్తీకి కొత్త కాదు. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది పోయారు. ఆ వెంటనే బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. అది సెల్‌ఫోన్‌తో ముడిపెట్టిన బాంబు. పేలకుండా మిగిలిన బాంబులోని ఫోను, సిమ్ము పట్టుకొని దర్యాప్తు ఓపికగా వెనక్కి నడవాల్సింది. నడిచింది కూడా, కానీ ఎప్పుడు? ఈలోగా పాతబస్తీ పిల్లలను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయారు. ఫాంహౌసుల్లో పెట్టి కరెంటు షాకులిచ్చారని బాధితులు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ విచారించి ఆ చిత్రహింసల గోడును నివేదికగా రాశారు. డాక్టరీ చదివే పిలగాడికి, నగల దుకాణంలో పనిచేసేవాడికి, ఆటో నడిపేవాడికి ఉగ్రవాది ముద్ర పడింది. 2010 నాటికి సీబీఐ దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకు తిరిగి హిందుత్వ సంస్థల మనుషులను నిందితులుగా చూపింది. ఆ ఏడాది డిసెంబరులో స్వామి అసీమానంద్ మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలమిచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. తీర్పు చెప్పిన జడ్జి ఆరోజే రాజీనామా చేశారు. పద్నాలుగు ప్రాణాలు పోయాయి, శిక్ష పడ్డ మనిషి ఒక్కడు లేడు.

నిర్దోషులుగా తేలిన పిలగాళ్లకు ప్రభుత్వం 2012లో నష్టపరిహారం ఇచ్చింది, మంచి నడవడి కాగితాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. ఆ కాగితం చూపితే అద్దెకు ఇల్లు దొరుకుతుందా? పెళ్లి సంబంధం కుదురుతుందా? కొలువు వస్తుందా? సెట్టులో గొంతు విషయంలోనూ ఇదే దారి పట్టొద్దని మేము మొత్తుకునేది ఇందుకే. ఫోనుకు కనీసం సిమ్ము నంబరుంటుంది, కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. అనలాగ్ సెట్టులో పలికిన గొంతుకు అదీ ఉండదు. ఆధారం అంత పలచన అయినచోట అనుమానం ఎంత జాగ్రత్తగా నడవాలి!

బయటి ప్రపంచంలో ఏం జరిగిందో చూడండి. 2023 ఆగస్టు 25 రాత్రి పోలండ్‌లో ఇరవై దాకా రైళ్లు ఉన్నపళంగా ఆగిపోయాయి. ఆ రైల్వేల్లో 150.100 మెగాహెర్ట్జ్ మీద మూడు టోన్లు వరసగా వినిపిస్తే ఇంజను అత్యవసర బ్రేకు పడుతుంది. రహస్య సంకేతం లేదు, తనిఖీ లేదు. ఎవడో ఆ మూడు టోన్లు వినిపించాడు, మధ్యలో రష్యా జాతీయగీతం కలిపాడు, పుతిన్ ప్రసంగం ముక్క కలిపాడు. దేశమంతా రష్యా కుట్ర అంది. పక్కన ఉక్రెయిన్ యుద్ధం నడుస్తోంది కాబట్టి అనుమానం సహజమే. రెండు రోజులకు బియాలిస్టాక్ నగరంలో ఇద్దరు దొరికారు. ఇద్దరూ పోలండ్ పౌరులే. వాళ్లలో ఒకడు పోలీసు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అన్నారా?

అమెరికాలోనూ ఇదే బాగోతం. 2017 ఏప్రిల్ 7 అర్ధరాత్రి డల్లాస్ నగరంలో 156 తుఫాను హెచ్చరిక సైరన్లు ఒక్కసారిగా మోగాయి. రేడియో సంకేతంతో ఎవరో మోగించారు. నగరపాలకులు తర్వాతగానీ ఆ సంకేతానికి తాళం వేయలేదు. న్యూయార్క్ పోలీసు ఛానళ్లలో దొంగ పిలుపులు చేసిన మనిషిని వెతికి పట్టుకొని, అదే ఏడాది అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ 4,04,166 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. వాళ్లు ఆ మనిషిని పట్టుకున్నారు, అతని వాడను కాదు. క్వీన్స్‌లో ఉంటాడని క్వీన్స్ పిల్లలందరినీ ఫాంహౌసుకు తోలలేదు.

ఇంటి దొంగ మాట వచ్చింది కాబట్టి మన ఇంటి సంగతీ చెప్పుకుందాం. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో నిందితులు ఎవరు? స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో పనిచేసిన పోలీసు అధికారులు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మరునాడు, 2023 డిసెంబరు 4న, హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది అభియోగం. నిజమా కాదా కోర్టు తేలుస్తుంది, మేము తీర్పు చెప్పడం లేదు. కానీ ఒక్కటి గమనించండి. జనం మాటలు దొంగచాటుగా విన్నారన్న అంత పెద్ద కేసులో, నిందితులు పోలీసు శాఖవాళ్లు కాబట్టి పోలీసులంతా దొంగలని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఎవరి నేరం వాళ్లదే. ఆ మర్యాద పాతబస్తీకి ఎందుకు దక్కదు?

ఉద్యమంలో తిరిగినవాళ్లకు ఇంకో ముచ్చట గుర్తుండాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులోని 14(ఎఫ్) క్లాజు నగర పోలీసు కొలువులను స్థానిక రిజర్వేషన్ నుంచి తప్పించింది. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు అదే మాట ఖాయం చేస్తే నగరం ఫ్రీజోన్ అయి రాష్ట్రం భగ్గుమంది. ఆ క్లాజు 2012లో పోయింది. దాని నీడ మాత్రం అంత తొందరగా పోదు. గల్లీ పేరు సరిగా పలకలేనివాడిని, ఉర్దూ ముక్క రానివాడిని గల్లీ కాపలాకు పెట్టిన రోజులవి. పరిచయం లేనిచోట పోలీసుకు మనుషులు కనపడరు, అనుమానితులే కనపడతారు. సెట్టులో దక్కనీ యాస వినపడితే చాలు, పాతబస్తీ అని రాసేస్తాడు. ఆ యాస మల్లేపల్లిలో లేదా? టోలీచౌకీలో లేదా? బోరబండలో లేదా? ఠాణాలోనే ఆ యాస మాట్లాడే సిబ్బంది లేరా?

ఇక్కడే ఇంకో బాపతు మనుషులకూ అన్యాయం జరుగుతుంది. వైర్‌లెస్ అనగానే హామ్ రేడియో పిల్లలను అనుమానిస్తారు. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకొని, కాల్‌సైన్ చెప్పి మాట్లాడేవాళ్లు వాళ్లు. రాజీవ్ గాంధీకి కూడా ఆ లైసెన్సు ఉండేది. మన సోమాజిగూడలో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పడిపోయిన అండమాన్ నుంచి కబురు మోసింది ఆ సెట్లే. పేరు చెప్పి మాట్లాడేవాడిని అనుమానించి, పేరు లేకుండా అమ్మేవాడిని వదిలేయడం ఏం తెలివి?

డిజిటల్ వస్తే అన్నీ సర్దుకుంటాయని అధికారులు చెబుతారు. కొంత నిజమే. డిజిటల్ సెట్టుకు గుర్తింపు సంఖ్య ఉంటుంది, పోయిన సెట్టును వ్యవస్థ నుంచి కోసేయవచ్చు. కానీ కొనడంతో పని అయిపోదు. 2020లో వచ్చిన కాగ్ నివేదిక దేశ రాజధాని పోలీసు సంగతి బయటపెట్టింది: ఢిల్లీ పోలీసుల ట్రంకింగ్ వ్యవస్థ 20 ఏళ్ల పాతది, దాని ఆయుష్షు తీరి పదేళ్లయింది. ఢిల్లీ గతే అదైతే తక్కినవాళ్ల గతి చెప్పాలా? ఐరోపాలో పుట్టిన టెట్రా పద్ధతినే తీసుకోండి. అనేక దేశాల పోలీసులు దాన్ని నమ్ముకున్నారు. 2023 జులైలో డచ్ పరిశోధకులు అందులోని ఒక రహస్య సంకేత పద్ధతి గుట్టు విప్పారు. 80 బిట్ల తాళమని చెప్పి లోపల 32 బిట్లకు కుదించారట. మామూలు ల్యాప్‌టాప్‌తో ఒక్క నిమిషంలో తెరుచుకుందట. పాతికేళ్లు ఆ లోపం చీకట్లోనే ఉంది. ఎందుకు? పరీక్షించడానికి బయటివాళ్లకు ఇవ్వలేదు కాబట్టి. దాచిపెట్టిందల్లా భద్రమని అనుకునే మన హోంశాఖ పెద్దలు ఈ ముచ్చట రెండుసార్లు చదవాలి.

డబ్బు లేదని మాత్రం చెప్పొద్దు. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో కమాండ్ కంట్రోల్ టవర్లు లేచాయి. ముఖాలు గుర్తుపట్టే కెమెరాలకు డబ్బు దొరికింది. 2021లో చార్మినార్ దగ్గర రోడ్డు మీద పోతున్న సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకుంటే, ఆయన హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. దారిన పోయేవాడి ముఖం ఎవరిదో తెలుసుకోవాలన్న ఆత్రం, సొంత సెట్టులో పలికిన గొంతు ఎవరిదో తెలుసుకోవడంలో ఎందుకు లేదు?

మా అడుగు పెద్దదేం కాదు. పరాయి గొంతు వినపడితే ముందు సొంత సెట్లు లెక్కపెట్టండి. ఏ ఠాణాకు ఎన్ని ఇచ్చారు, ఎన్ని పోయాయి, ఎన్ని మరమ్మతుకు పోయి తిరిగి రాలేదు? కంట్రోల్ రూము రికార్డు, లాగ్‌బుక్ అదే రోజు సీలు వేయండి. రెండు మూడు చోట్ల నుంచి దిశ పట్టే యాంటెనాలు పెట్టి సంకేతం ఎక్కడినుంచి వస్తోందో గీతలు గీయండి. ఆ పని తెలిసిన కేంద్ర వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థను పిలవండి. మనిషి దొరికాక గొంతు నమూనా కావాలంటే మెజిస్ట్రేటు దగ్గరికి పోండి. 2019 ఆగస్టు 2న రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి చూపింది. చెంపదెబ్బల మధ్య ఒప్పించిన మాట సాక్ష్యం కాదని బ్రిటిష్‌వాడి సాక్ష్యచట్టమే చెప్పింది, ఇప్పటి కొత్త చట్టమూ అదే చెబుతోంది.

విద్యార్థి మిత్రులు, ఉద్యోగ మిత్రులు ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. గత పదేళ్లలో పోలీసు శాఖ పోగొట్టుకున్న వైర్‌లెస్ సెట్లు ఎన్ని? వాటిమీద పెట్టిన కేసులు ఎన్ని? పరాయి ప్రసారాల గురించి కేంద్రానికి రాసిన ఫిర్యాదులు ఎన్ని? ఫ్రీక్వెన్సీలు అడగొద్దు, కోడ్‌లు అడగొద్దు, అంకెలు మాత్రమే అడగండి. భద్రత పేరు చెప్పి ఆ అంకెలు కూడా ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. ముప్పై రోజుల గడువుంటుంది. జవాబు వచ్చినా, రాకపోయినా, ఆ కాగితం మాకు పంపండి. ఉన్నదున్నట్టు అచ్చేస్తాం.